సీమలో బూమర్ ఎవరు?

పుట్టిన సంవత్సరాన్ని బట్టి లెక్క కడితే, 2026 దాటాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆఫీసుల్లో రెగ్యులర్ ఉద్యోగం చేసే బూమర్ ఒక్కరూ మిగలరు. అమెరికా లెక్కలో 1946 నుంచి 1964 దాకా పుట్టినవాళ్లే బూమర్లు. ఆఖరున, 1964లో పుట్టినవాళ్లకు 2026లో 62 నిండుతాయి. రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 2022 నుంచి 62. అయినా అనంతపురంలో ఏదో ఒక ఆఫీసులో కొత్తగా చేరిన పాతికేళ్ల పిల్లోడు తన పై అధికారిని ఫ్రెండ్స్ గ్రూపులో ‘మా బూమర్ అంకుల్’ అని రాశాడంటే, ఆ అధికారి 1978లోనో 1982లోనో పుట్టినవాడై ఉంటాడు. దీన్ని తెలియనితనం అని కొట్టిపారేయొచ్చు. కానీ అందరూ ఒకే తీరుగా ‘తప్పు’ వాడుతున్నారంటే అది తప్పు అనిపించుకోదు. ఆ మాటకు ఇక్కడ వేరే అర్థం కుదిరిందని ఒప్పుకోవాలి.

ఆ మాటకొస్తే పుట్టిన సంవత్సరం సీమలో పాత తరానికి నికరమైన గుర్తేమీ కాదు. బళ్లో చేర్పించేటప్పుడు అయ్యవారు తోచిన తేదీ వేసేవారు. చాలామంది పెద్దవాళ్ల సర్టిఫికెట్లలో జూన్ 1, జూలై 1 కనిపించేది అందుకే. ఇంట్లో వయసు లెక్క వేరేగా నడిచేది. కర్నూలు రాజధానిగా ఉండి, 1953 నుంచి 1956 దాకా గుడారాల్లో ఆఫీసులు నడిచిన రోజుల్లో పుట్టినామంటారు. శ్రీశైలం నీళ్లు ఊరిని ముంచిన ఏడు పెళ్లయిందంటారు. ఫలానా కరువుకు రెండేండ్లు ముందంటారు. ఇట్లాంటి చోట 1964 డిసెంబరు 31 దగ్గర ఒక గీత గీసి అవతల ఒక తరం, ఇవతల ఇంకో తరం అంటే ఎవరికీ ఎక్కదు.

ఈ మాట పుట్టిన అమెరికాలో దీని వెనక ఉన్నది ఆస్తి తగాదా. రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది. సైనికులు ఇళ్లకు చేరారు, పెళ్లిళ్లయ్యాయి, అమెరికాలో కాన్పులు ఒక్కసారిగా పెరిగాయి. 1964 దాకా ఆ ఊపు తగ్గలేదు. ఆ పందొమ్మిదేళ్లలో పుట్టినవాళ్లు సుమారు 7.6 కోట్లు. వాళ్లు పెద్దయ్యేసరికి ఇళ్లు అందుబాటు ధరల్లో ఉన్నాయి, కాలేజీ ఫీజులు తక్కువ, ఒకచోట చేరితే రిటైరయ్యేదాకా నడిచే ఉద్యోగాలు ఉన్నాయి. వాళ్ల పిల్లలు, ఆ తర్వాతివాళ్లు ఉద్యోగాల వయసుకొచ్చేటప్పటికి చదువు అప్పు నెత్తిన ఉంది, 2008లో ఆర్థిక వ్యవస్థ కూలింది, ఇంటి ధర చేతికందనంత పైకి పోయింది. దానికి తోడు ‘మీకు కష్టపడటం చేతకాదు’ అన్న పెద్దల ఎత్తిపొడుపు. అన్నీ మీరే తిని, మాకు అప్పులూ వేడెక్కిన భూమీ మిగిల్చి, మళ్లీ మాకే నీతులా అన్న మంట 2019లో ‘ఓకే బూమర్’ అనే రెండు ముక్కలుగా బయటపడింది. ఆ ఏడాది నవంబరులో న్యూజిలాండ్ పార్లమెంటులో క్లోయీ స్వార్‌బ్రిక్ అనే పాతికేళ్ల సభ్యురాలు వాతావరణ బిల్లు మీద మాట్లాడుతుంటే ఒక పెద్ద సభ్యుడు మధ్యలో అడ్డు తగిలాడు. ఆమె ఆగకుండా ‘ఓకే బూమర్’ అని తన ప్రసంగం తాను సాగించింది. మూడు నెలలు తిరక్కుండానే, 2020 జనవరిలో, అమెరికా సుప్రీంకోర్టులో వయసు వివక్ష కేసు వాదనల్లో ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఈ మాట ఎత్తారు. ఉద్యోగానికి తీసుకునే అధికారి అభ్యర్థిని ‘ఓకే బూమర్’ అంటే అది కేసుకు నిలుస్తుందా అని ఆయన ప్రశ్న.

మన దేశంలో జననాల ఉప్పెన అట్లా ఒకసారి వచ్చి, ఒక ఏడాది దగ్గర ఆగింది లేదు. 1951లో 36 కోట్లున్న జనాభా 1971 నాటికి దాదాపు 55 కోట్లయింది, 1981 నాటికి 68 కోట్లు దాటింది. అరవైల్లోనూ డెబ్భైల్లోనూ పదేళ్ల పెరుగుదల 24 శాతానికి పైనే. మశూచి, కలరా, మలేరియా చావులు తగ్గినందువల్ల వచ్చిన పెరుగుదల ఇది, యుద్ధంతో దీనికి సంబంధం లేదు. కాన్పులు ఆ తర్వాత చాలా నిదానంగా తగ్గుతూ వచ్చాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.7. ఆరుగురు అన్నదమ్ముల ఇంటి నుంచి ఒక్క కొడుకు ఇంటికి రావడానికి రెండు తరాలు పట్టింది.

ఇక ఆ ఏళ్లలో సీమలో పుట్టినవాళ్లకు చేతికి దక్కింది ఎంత? కేసీ కాలువ కింద వరి పండించినవాళ్ల సంగతి కొంత వేరు. అనంతపురం మెట్ట పొలాల్లో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే వానను నమ్ముకుని వేరుశనగ వేసినవాళ్లకు మూడేండ్లకో నాలుగేండ్లకో ఒక పంట ఇంటికొచ్చింది. పదెకరాలు నలుగురన్నదమ్ములకు పంచితే తలా రెండున్నర. బోర్లు వచ్చాక మొదట్లో రెండు వందల అడుగుల్లో నీళ్లు పడ్డాయి, తర్వాత ఎన్ని వందలకు దిగినా దుమ్మే లేచింది. ఆ తరంలో బాగుపడినవాళ్లు లేరని కాదు. టీచరు ఉద్యోగమో, ఆర్టీసీయో, బ్యాంకో దొరికి టౌనుకొచ్చి, శివార్లలో నాలుగు సెంట్ల స్థలం కొనుక్కున్నవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. వాళ్ల పిల్లలు ఆ స్థలం విలువ చూసి మురుస్తారే తప్ప మండిపడరు, ఎందుకంటే అది రేపు వాళ్లకే వస్తుంది. మిగతా ఇళ్లలో అయితే ‘అన్నీ మీరే తిన్నారు’ అనడానికి తినేంత ఉంటే కదా.

అందువల్ల బూమర్ అనే మాట బెంగళూరు హాస్టళ్ల మీదుగానో, రీల్స్ కింద కామెంట్ల మీదుగానో సీమకు చేరేసరికి ఆస్తి తగాదా దారిలోనే రాలిపోయింది. మిగిలింది ఒక ప్రవర్తన పేరు. అడగకపోయినా సలహా చెప్పేవాడు బూమర్. ‘మా కాలంలో అయితేనా’ అని మొదలుపెట్టేవాడు బూమర్. సాఫ్ట్‌వేర్‌లో నెలకు లక్ష తెచ్చుకుంటున్న పిల్లతో ‘గ్రూప్ టూ రాయకూడదా, గవర్నమెంటు జాబుకున్న విలువ వేరు’ అనేవాడు బూమర్. ఎండలు ముదిరినా, ఏదో ఒక ఊళ్లో వింత దూడ పుట్టినా, ఆడపిల్ల జీన్స్ వేసుకుని బైకు నడిపినా ‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పినాడప్పా’ అనేవాడు ఖచ్చితంగా బూమర్. బ్రహ్మంగారి మఠం ఉన్న కడప జిల్లాలో ఈ చివరి రకానికి కొరత లేదు. వాట్సాప్ లేని రోజుల్లోనే కాలజ్ఞానం పేరు మీద లేని మాటలు కూడా ఊరూరా తిరిగేవి. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక అదే అలవాటు ఫోన్లోకి చేరింది. గులాబీ పువ్వు మీద శుభోదయం, దాని కింద ముల్లంగి రసంతో షుగరు మాయం, ఆ కింద ‘పది మందికి పంపండి’.

ప్రవర్తనకు పేరు కాబట్టే ఇది వయసును దాటి పోతుంది. ఇంటర్ చదివే తమ్ముడు తన ఇరవై ఆరేళ్ల అన్నను ‘నువ్వు బూమర్ అయిపోయినావ్‌రా’ అంటాడు. తప్పు ఏమిటంటే ఆ అన్న కొత్త పాట విని ‘ఇదేం పాటరా, మా ఇంటర్‌లో పాటలు ఎట్లుండేవి’ అన్నాడు. ‘బూమర్ కామెంట్’, ‘బూమర్ గోల’, ‘బూమర్‌గాడు’, ‘బూమర్ లాగా మాట్లాడొద్దు’ అంటూ తెలుగు ప్రత్యయాలన్నీ దీనికి అతుక్కున్నాయి. విశేషం ఏమిటంటే ఇప్పుడు ఈ మాట పడేవాళ్లలో చాలామందికి చిన్నప్పుడు బూమర్ అంటే అంగట్లో కొనుక్కుని బుడగలు ఊదిన చూయింగమ్. వాళ్ల లెక్కలో అది చిన్నపిల్లల మాట.

ఎక్కడ అంటారు, ఎవరితో అంటారు అన్నది అర్థం కంటే ముఖ్యం. ఫోన్ తెర మీద ఇంత ధారాళంగా దొర్లే మాట కడపలోనో ఆదోనిలోనో ఇంటి వసారాలో ఎదురుగా కూర్చున్న మనిషి మీద పడదు. దానికి కారణం వరసలు. సీమలో తెలియని మనిషిని కూడా అన్నా, మామా, చిన్నాయనా, పెద్దాయనా అని ఏదో ఒక వరసలో పెట్టిగానీ పిలవరు. కర్నూలు పాతబస్తీ వైపు పెద్దమనిషి ముస్లిమైతే చాచా అవుతాడు. ఒకసారి మామా అని పిలిచాక అదే నోటితో బూమర్ అనడం కుదరదు. ‘బూమర్ మామ’, ‘బూమర్ పెద్దనాయన’ అన్న జంటలు వినబడకపోవడానికి కారణం ఇదే అనుకోవాలి. ఈ మాట ఎప్పుడూ ‘అంకుల్’కే అంటుకుంటుంది. అంకుల్ అంటే అపార్ట్‌మెంట్ల నుంచీ ఇంగ్లీషు మీడియం బళ్ల నుంచీ వచ్చిన పిలుపు. అందులో రక్తసంబంధం లేదు, ఊరి సంబంధం లేదు. అంకుల్‌ను ఏమన్నా పండక్కి మళ్లీ మొహం చూడాల్సిన అవసరం లేదు. ముప్పై రెండేళ్లకు జుట్టు పల్చబడిన మనిషిని ఎవరైనా అంకుల్ అంటేనే మనసు చివుక్కుమంటుంది, ఇక ముందు బూమర్ కూడా చేరితే చెప్పేదేముంది.

ఇంట్లో పెద్దల సలహా వినకుండా దాటేయడానికి సీమకు తన సొంత ఏర్పాటు ఎప్పుడో ఉంది. ‘సరేలేప్పా’, ‘అట్లే కానీలే’, ‘చూస్తాంలే నాయనా’. ఒప్పుకున్నట్టు ఉంటుంది, మాట మారుతుంది, ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. పెద్దాయనకూ తెలుసు తన మాట వినరని. న్యూజిలాండ్ పార్లమెంటులో ఆ రెండు ముక్కలు చేసిన పనిని ఇక్కడ ‘సరేలేప్పా’ తరాలుగా చేస్తోంది, పైగా ఎవరి పరువూ పోకుండా.

ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ‘బూమర్ ఆంటీ’ అన్నది ఉన్నా పెద్దగా వాడరు. అందుకు సంతోషించాల్సింది లేదు. ఆడవాళ్లను చిన్నబుచ్చడానికి ‘ఆంటీ’ ఒక్కటే సరిపోతుందని ఇంటర్నెట్ ఎప్పుడో తేల్చుకుంది.

తెలుగులో పాతకాలపు ఆలోచనకు పేర్లు కొత్తేమీ కాదు. చాదస్తం ఉంది, పాత చింతకాయ పచ్చడి ఉంది, ‘ఎనకటి మనిషి’ ఉంది. అరవై దాటితే అరులు మరులు అన్న సామెత అనంతపురం సరిహద్దుకు అటు కన్నడంలోనూ అదే పోలికతో వినిపిస్తుంది. వీటిలో చాదస్తానికీ బూమర్‌కూ ఉన్న తేడా చూడాలి. ‘నీ చాదస్తం గానీ’ అని కూతురు తండ్రి మొహం మీదే అంటుంది, ఆయన నవ్వుతాడు, కాసేపటికి మళ్లీ అదే చాదస్తం మొదలుపెడతాడు. ఆ మాటలో ఆ మనిషి మనవాడు అన్న ఒప్పుకోలు ఉంది. బూమర్ అన్నాక సంభాషణ ఉండదు. అన్నవాడు జవాబు కోసం ఎదురుచూడడు, ఎందుకంటే జవాబు ఏమిచ్చినా అదీ బూమర్ జవాబే.

తలుపు మూసేసే ఈ గుణమే ఒకచోట మాత్రం పనికొస్తుంది. ఒక అమ్మాయి రీల్ పెడుతుంది. దాని కింద ముక్కూ మొహం తెలియని ఒకాయన ‘మన సంస్కృతి ఎటు పోతోంది, మీ నాన్న చూడలేదా’ అని రాస్తాడు. అతనితో వాదించడం దండగ, ఊరుకుంటే ఇంకో పది మంది చేరతారు. ‘ఓకే బూమర్’ అంటే పని అయిపోతుంది. సంజాయిషీ చెప్పాల్సిన అవసరం తనకు లేదని ఆ అమ్మాయి ఇంతకంటే తక్కువ ఖర్చుతో చెప్పడం కుదరదు. సీమలో ఈ మాటకు ఉన్న వాడుకల్లో సమర్థించదగింది ఇదే.

మిగతా చోట్ల గొడవంతా ఒక హక్కు గురించి. సలహా చెప్పే హక్కు ఎవరిది? మొన్నమొన్నటి దాకా దీనికి జవాబు సూటిగా ఉండేది. మృగశిరకు వాన పడితే ఏం చేయాలి, ఆరుద్రలో విత్తనం వేయాలా ఆగాలా, ఏ చేనిలో ఎన్నడుగుల్లో బండ తగులుతుంది, ఎవరి ఇంటికి పిల్లనిస్తే సుఖపడుతుంది అన్నవి నలభై యాభై వానాకాలాలు చూసినవాడికే తెలుస్తాయి. అట్లా తెలిసినవాడు పెద్దమనిషి అయ్యేవాడు. గెట్టు తగాదాలు, భాగ పంపకాలు, పెళ్లి మాటలు అన్నీ ఆయన ముందుకు వచ్చేవి. ఆ పెద్దరికం ఎప్పుడూ న్యాయంగా నడిచిందని ఎవరూ అనలేరు. ఏ కులంవాళ్లు కట్ట మీద కూర్చోవచ్చో, ఎవరు కింద నిలబడాలో నిర్ణయించిందీ ఆ పెద్దరికమే. అయితే దాని కింద ఒక తెలివిడి ఉండేది, అది పొలానికి పనికొచ్చేది.

ఆ పొలమే చేయి మారింది. కొడుకు బెంగళూరులో కోడింగ్ చేస్తాడు, కూతురు పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీకో దానికి విడిభాగాలు చేసే కంపెనీకో పోతుంది. సేద్యం చేసేవాడు కూడా కార్తె కంటే ముందు ఫోన్‌లో వాతావరణం చూస్తాడు, ఎందుకంటే కార్తెలు చెప్పినట్టు వానలు రావడం ఎప్పుడో మానేశాయి. పెద్దాయన దగ్గరున్న జ్ఞానానికి గిరాకీ తగ్గింది, చెప్పే అలవాటు మాత్రం తగ్గలేదు. తెలిసిన విషయం మీద చెప్పడానికి అవకాశం లేక తెలియని విషయం మీద చెబుతాడు. ఏ కంపెనీ మంచిది, ఏ బ్రాంచి తీసుకోవాలి, అమెరికా వీసా ఎప్పుడొస్తుంది. వినేవాడికి అక్కడ బూమర్ కనబడతాడు.

ఆ ‘మా కాలంలో’ కూడా ఎంత నిఖార్సుగా ఉంటుందో అనుమానమే. ‘మేం సంగటి తిని పెరిగినోళ్లం, మీ మాదిరి బేకరీ తిండి కాదు’ అన్నది సీమలో బాగా వినబడే మాట. రాగి సంగటి, కొర్రన్నం, సజ్జ రొట్టె తిన్నది నిజం. కానీ ఇష్టంతో ఎంచుకుని తిన్నది తక్కువ, వేరే లేక తిన్నది ఎక్కువ. వరి అన్నం పండక్కీ చుట్టాలకీ దాచుకునే వస్తువు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చేసరికి కొర్రను వదిలి అన్నానికి మారింది ఆ తరమే. అనంతపురంలో చిరుధాన్యాల పొలాలు వేరుశనగకు పోయిందీ వాళ్ల చేతుల మీదుగానే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నాక ‘చూసినారా, మేం ఎప్పుడో చెప్పినాం’ అన్నారు. చెప్పింది ఎప్పుడో కాదు, షుగరు వచ్చి డాక్టరు అన్నం తగ్గించమన్నాక. ఇక్కడ మనవడు బూమర్ అని ఊరుకుంటే ఈ కథ బయటికి రాదు. ‘మరి ఎందుకు మానేశారు తాతా’ అని అడిగితే వస్తుంది, రేషన్ బియ్యం గురించి, నూనె మిల్లుల గురించి, కొర్రలు దంచలేక చేతులు కాయలు కాసిన జేజి గురించి. సంభాషణ ఆపే మాటకు ఇది అసలు నష్టం.

అమెరికాలో మాదిరి తరాల మధ్య డబ్బు తగాదా సీమలో అసలే లేదా అంటే ఒకచోట ఉంది, అది కాగితాల మీద తేదీతో సహా ఉంది. 2004 సెప్టెంబరు 1కి ముందు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవాళ్లకు పాత పింఛను. ఆ రోజు నుంచి చేరినవాళ్లకు సీపీఎస్, అంటే జీతంలోంచి కోసి మార్కెట్లో పెట్టే పద్ధతి. ఒకే బడి, ఒకే స్టాఫ్ రూము, ఒకే పాఠం. ఒక సారుకు రిటైరయ్యాక చివరి జీతంలో సగం మీద నడిచే పింఛను ఖాయం, పక్క కుర్చీలో సారుకు ఎంతొస్తుందో చెప్పడం కష్టం. తరానికీ తరానికీ మధ్య ఇంత స్పష్టమైన గీత ఇంకోటి లేదు. అయినా సీపీఎస్ రద్దు చేయాలని అడిగినవాళ్లు తమ సీనియర్లను బూమర్లని తిట్టలేదు. పాత పింఛను ఉన్నవాళ్లు ధర్నాల్లో పక్కన కూర్చున్నారు. కోపం ప్రభుత్వాల మీదికి పోయింది. ఆ పోరాటంలో ఎక్కడా పనికిరాని మాట, ఫోన్‌లో పాటల మీద, డ్రెస్సుల మీద, సలహాల మీద రోజంతా పనిచేస్తోంది.

ఈ వాడుకలో ఇంకో పొరపాటు జరుగుతోంది. అభిప్రాయాన్ని ఎగతాళి చేయడం వేరు, చేతకానితనాన్ని ఎగతాళి చేయడం వేరు. అంగట్లో ఫోన్‌పే స్కాన్ చేయడానికి తడబడే అరవై ఏళ్ల మనిషి వీడియో తీసి ‘బూమర్ మూమెంట్’ అని పెడితే అందులో తప్పు అభిప్రాయం ఏదీ లేదు, ఆయన ఎవరికీ నీతులు చెప్పలేదు. ఐదో తరగతిలో బడి మానేసి బెల్దారి పనికి పోయిన మనిషికి తెర మీద ఇంగ్లీషు అక్షరాలు చదవడం రాకపోతే అది తరం లక్షణం కాదు, బీదరికం లక్షణం. అదే వయసులో ఉండి నాలుగు యాప్‌లలో షేర్లు అమ్మి కొనే రిటైర్డ్ ఇంజినీరును ఎవరూ వీడియో తీయరు.

ఈ మధ్య పెద్దవాళ్లు కూడా ఈ మాటను పట్టుకున్నారు. పిల్లల నోట విని, అర్థం అడిగి తెలుసుకుని, ఇప్పుడు వాళ్లే ముందుగా వాడేస్తున్నారు: ‘బూమర్ అనుకున్నా సరే గానీ, ఒక మాట చెప్తా ఇనుకో.’ వెనకటికి ‘చెప్పకూడదు గానీ’ అని మొదలుపెట్టేవాళ్లు. ఇప్పుడు ఆ పని ఇది చేస్తోంది. ఎదుటివాడు అనబోయే మాట తానే అనేసుకున్నాక అడ్డం పడటానికి వాడి దగ్గర ఏమీ ఉండదు. అట్లా మొదలైన సలహా మామూలు సలహా కంటే పొడుగ్గానే ఉంటోంది.